ముళ్ళ కళ్ళెం పడని నోరు

మా నాయన చేతి దెబ్బ తినకుండా నాంపల్లిలో తప్పించుకున్నది ఏదైనా ఉందంటే అది స్టేషన్లో ఆగే రైలింజను ఒక్కటే. గుర్రాల్ని కొట్టేవాడు. గుర్రాలకు గడ్డి వేసే సాయీసుల్ని కొట్టేవాడు. నన్ను కొట్టేవాడు. గుర్రాల్ని కొట్టడం వృత్తి, మమ్మల్ని కొట్టడం అలవాటు. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చి, మీసం మెలితిప్పుకునే వయసులో కూడా ఆయన జీనుకు వేలాడే రికాబు తోలుపట్టీ తీసుకుని వెంటపడితే నేను తబేలా చుట్టూ పరిగెత్తేవాణ్ణి. పట్టాల అవతల కూలీలు పని ఆపి చూసేవాళ్ళు. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ అది చెప్పకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు.

ఆయన చాబుక్‌సవారు. కొరడా పట్టిన రౌతు అని ఆ మాటకు అర్థం. వీపు మీద మనిషిని ఎరగని పచ్చి గుర్రాన్ని తెచ్చి అప్పగిస్తే, నలభై రోజుల్లో దాన్ని లొంగదీసి, జీను వేసి, యజమానికి తిరిగి ఇవ్వడం ఆయన పని. నాంపల్లి స్టేషన్ వెనక, పట్టాల గోడకు ఆనుకుని మా తబేలా ఉండేది. రేకుల కప్పు కింద ఆరు గుర్రాలు కట్టే చోటు, దాని ముందు గుర్రాలు తిరిగి తిరిగి గట్టిపడ్డ గుండ్రటి నేల, ఆ పక్కన మేముండే రెండు గదులు. పంతొమ్మిది వందల ముప్పైలు ముగుస్తున్న రోజులవి. అబిడ్స్ రోడ్డు మీద మోటార్లు బాగానే పెరిగాయి. అయినా జాగీర్దార్లకు, వకీళ్ళకు, కొత్తగా పైకొచ్చిన షావుకార్లకు గుర్రమెక్కి ఊరేగాలన్న మోజు తీరలేదు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో ఆయనా, నేనూ, గుర్రాలూ.

గుర్రం నోట్లో ముందుపళ్ళకూ దవడపళ్ళకూ నడుమ పళ్ళు లేని జాగా ఒకటి ఉంటుంది. కళ్ళెం కడ్డీ కూర్చునేది అక్కడే. పైన పలచటి చర్మం, దాని కింద నేరుగా ఎముక. మా నాయన వాడేది ముళ్ళ కళ్ళెం, మావాళ్ళు కాంటా అనేవాళ్ళు. కడ్డీ నిండా బియ్యపు గింజంత ఇనుప ముళ్ళు. పగ్గం లాగితే అవి నాలుకలోకీ, ఎముక మీది చర్మంలోకీ దిగుతాయి. మొదటిసారి కాంటా పడ్డ గుర్రం అరిచే అరుపుకు మా వాకిట్లో పడుకున్న కుక్కలు లేచి వెళ్ళిపోయేవి. పుండు మానుతుంది, మళ్ళీ తెగుతుంది, మళ్ళీ మానుతుంది. చివరికి నోరు లోపల కాయలు కాస్తాయి. అప్పటికి ముల్లు దిగకముందే మెడ వంచి నిలబడటం గుర్రం నేర్చుకుంటుంది. దీన్ని నోరు చేయడం అనేవాళ్ళు.

గుర్రాన్ని అప్పగించే రోజున ఒక ఆచారం ఉండేది. యజమాని ఎదురుగా చాబుక్‌సవారు ఉతికిన తెల్లరుమాలు తీసి, గుర్రం నోట్లో పెట్టి తుడిచి, విప్పి చూపించాలి. రుమాలు మీద ఎర్రమచ్చ ఉంటే నోరు తయారైనట్టు, ఇక ఎవరు ఎక్కినా భయం లేనట్టు. మచ్చ లేకపోతే పని పూర్తికానట్టే, యజమాని గుర్రాన్ని తోలుకుపోడు. ఆ రుమాలును తీసుకెళ్ళి తమ తబేలా గుమ్మానికి కట్టుకునేవాళ్ళు. గుర్రం ఎలా నడుస్తోందని చూసేవాడు తక్కువ, రుమాలు ఏదని అడిగేవాడు ఎక్కువ. చదువుకున్న వకీళ్ళు కూడా అంతే. చదువు వల్ల మనిషికి గుర్రం నొప్పి తెలుస్తుందని నేను నమ్మను.

నేను చెప్పబోయే షావుకారు గుర్రం రావడానికి ఏడాది ముందు, ఒక తెల్లగుర్రానికి కాంటా వల్ల నాలుక సగం తెగింది. యజమాని నాకొద్దని వదిలేశాడు. నాయన చస్తే చావనీ అన్నాడు. నేను ఉలవలు ఉడికించి, మెత్తగా రుబ్బి, జావ చేసి, దాని గడ్డం కింద అరచెయ్యి పెట్టి తల ఎత్తి, పెదవి పక్క నుంచి గరిటెతో పోసేవాణ్ణి. నెల దాటింది. ఆ నెలలో నాకొక సంగతి తెలిసింది. గడ్డం కింద నా వేలు ఏ వైపు నొక్కితే అది ఆ వైపు తల తిప్పేది. తిప్పగానే నేను వేలు తీసేస్తే హాయిగా ఊపిరి వదిలేది. దానికి కావాల్సిందల్లా చెప్పిన మాట విన్నాక మనం చెయ్యి తీసెయ్యడం. నాలుక మానాక గుడ్డ చుట్టిన నున్నటి కడ్డీ వేసి ఎక్కాను. బషీర్‌బాగ్ దాకా వెళ్ళి వచ్చింది. ఒక్కసారి కూడా గట్టిగా లాగలేదు.

ఆ సంతోషంలో, తెలివితక్కువవాణ్ణి, తిన్నగా నాయన దగ్గరికి పోయి ముళ్ళు అక్కర్లేదు, ఇక ఇలాగే చేద్దాం అన్నాను. ఆయన రికాబు పట్టీ తీశాడు. మీ తాత చేసిన పని తప్పంటావా అని ఒక్కో దెబ్బకూ ఒక్కోసారి అడిగాడు. నేను తప్పు కాదు అని చెప్పేదాకా ఆపలేదు. చెప్పాక కూడా రెండు కొట్టాడు. మూడు రోజులు బోర్లా పడుకున్నాను. ఆ తెల్లగుర్రాన్ని ఆ వారంలోనే ఎవరికో ఇచ్చేశాడు.

అలాంటి ఇంటికి వచ్చింది షావుకారు గుర్రం. ఆయనకు అబిడ్స్‌లో బట్టల దుకాణం. కొడుక్కి పెళ్ళి కుదిరింది. ఆడపిల్లవాళ్ళది బషీర్‌బాగ్. దుకాణం ముందు నుంచి బాజాలతో బయల్దేరి ఎదుర్కోళ్ళకు పోవాలి, పెళ్ళికొడుకు గుర్రం మీద ఉండాలి, అది కిరాయి గుర్రం కాకూడదు. పెద్దింటి పిల్లలు గుర్రాల మీద పోతుంటే ఇరవై ఏళ్ళు దుకాణం మెట్ల మీద నిలబడి చూసిన మనిషి, కోరుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే పెళ్ళికొడుకు అప్పటిదాకా ఎక్కింది సైకిలు. దాని మీద నుంచి కూడా రెండుసార్లు పడ్డాడని వాళ్ళ సాయీసే నవ్వుతూ చెప్పాడు.

గుర్రం ఇటుకరంగుది, ఆడది, నాలుగేళ్ళది. చెవులు ఒక్క క్షణం ఊరుకునేవి కావు, ఒకటి రైలు వైపు తిరిగితే ఒకటి నా వైపు ఉండేది. జేబులో బెల్లం ఉందని కనిపెట్టి చొక్కా చింపింది. వచ్చిన గంటలోనే దాని మీద నాకు ప్రేమ పుట్టింది. తెల్లగుర్రానికి జరిగింది దీనికి జరగకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఈ నోట్లో ముల్లు దిగకూడదు, అంతే. నా బతుకులో అంత గట్టిగా మరొకటి కోరుకోలేదు.

రెండో రోజునే నాయన కాంటా తీశాడు. కాళ్ళకు తాళ్ళు కట్టి, ముక్కు మీద కర్రతో కొడుతూ, చెవి మెలిపెట్టమని నాకు చెప్పాడు. చెవి గట్టిగా మెలిపెడితే గుర్రం నొప్పికి కదలకుండా నిలబడుతుంది. నేను పట్టుకున్నాను కానీ మెలిపెట్టలేదు. మెలిపెడుతున్నట్టు మొహం మాత్రం పెట్టాను. అది ఒక్క విదిలింపుతో వెనక తాడు తెంపుకుంది. నాయన పక్కకు తప్పుకునేలోపు గిట్ట వచ్చి మోకాలి మీద పడింది. కొబ్బరికాయ పగిలినట్టు వినిపించింది. ఆయన కింద పడి కూడా కేక వేయలేదు. పడుకునే చేతికందిన కర్రతో దాని కాళ్ళ మీద బాదాడు, కర్ర విరిగేదాకా బాదాడు. అది ఆయన మీద నుంచి దూకి గోడ మూలకు పోయి వణుకుతూ నిలబడింది. కాంటా మట్టిలో పడి ఉంది.

దవాఖానలో ఆ మోకాలు ఇక వంగదని చెప్పారు. చెక్కలు కట్టి ఇంటికి తెచ్చాం. మంచం మీద పడుకోబెట్టగానే నన్ను పిలిచి, "దాని నోరు నువ్వే చెయ్యాలె. నా మోకాలు దీసుకున్నది, దాని నాలుక నేను దీసుకుంట. రోజు దాని అరుపు నాకు వినొస్తుండాలె," అన్నాడు. నేను ఔ అన్నాను. ఆ గది కిటికీ గుర్రాలు తిరిగే నేల వైపే ఉండేది, కానీ మంచం కిటికీ కంటే పల్లంలో ఉంది. ఆయన లేచి కూర్చోలేడు. అంటే వినగలడు, చూడలేడు.

మర్నాటి నుంచి నేను గడ్డి కుక్కిన గోనెసంచిని కొట్టడం మొదలుపెట్టాను. గుంజకు కట్టి, కొరడాతో, చెమటలు కారేదాకా, నాకొచ్చిన తిట్లన్నీ తిడుతూ కొట్టేవాణ్ణి. మొదట నాయన కోసం కొట్టాను. నాలుగో రోజుకు నిజంగానే కోపం వచ్చేది. సంచి మీద నాయన మొహం కనిపించేది. చినిగి గడ్డి బయటికి వచ్చినా ఆపేవాణ్ణి కాదు. ఇటుకరంగు గుర్రం అంత దూరాన నిలబడి, చెవులు రెండూ నా వైపు పెట్టి, ఈ మనిషికి ఏమైందన్నట్టు చూసేది. ఆ చూపుకు నాకు సిగ్గేసి కొరడా దించేవాణ్ణి. అరుపు వినబడదేం అని లోపలి నుంచి నాయన అడిగితే, మొండిది నాయినా, పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటోంది అని చెప్పేవాణ్ణి. అది విని ఆయనకు దాని మీద గౌరవం పెరిగింది. అలాంటిదే మంచి గుర్రమవుతుందన్నాడు.

సంచి పని అయ్యాక అసలు పని. నున్నటి కడ్డీకి గుడ్డ చుట్టి, బెల్లం నీళ్ళలో ముంచి, నోటి దగ్గర పెట్టి ఊరుకునేవాణ్ణి. అదే నోరు తెరిచి అందుకునేదాకా తొందరపెట్టలేదు. మూడు రోజులు పట్టింది. కంబళి నాలుగు మడతలు వేసి వీపు మీద పరిచి, దాని మీద జీను పెట్టి, తీశాక వీపంతా అరచేత్తో తడిమి చూసేవాణ్ణి, ఎక్కడన్నా వేడిగా తగిలితే మర్నాడు జీను బంద్. ఎండ ఎక్కేలోపు పని ముగించేవాణ్ణి. నీళ్ళు తాగకుండా పని లేదు. చెవులు వెనక్కి పోతే దిగిపోయేవాణ్ణి. చెప్పింది చేస్తే వెంటనే పగ్గం వదిలేవాణ్ణి. ఇంతకంటే నాకు తెలిసిన విద్య లేదు. నెల తిరిగేసరికి నేను ఊపిరి బిగబడితే ఆగేది, వదిలితే నడిచేది. పగ్గం చేతిలో ఉండేది కానీ దానితో పని పడేది కాదు.

పెళ్ళి బాజాలకు బెదరకూడదని గౌలిగూడ, అఫ్జల్‌గంజ్ తిప్పాను. బస్సుల హారన్లు, తోపుడు బండ్లు, ఊరేగింపుల మర్ఫా వాయిద్యం, అన్నీ వినిపించాను. మొదటిరోజు దూరం నుంచి, పదోరోజు పక్క నుంచి. డప్పు మోగుతుంటే నేను దిగి, గడ్డం కింద అరచెయ్యి పెట్టేవాణ్ణి. అది గడ్డాన్ని నా అరచేతిలో బరువుగా ఆనించి కళ్ళు సగం మూసుకునేది. ఊరంతా బద్దలైనా నా చెయ్యి గడ్డం కింద ఉంటే చాలు, దానికి ఫికర్ లేదు.

నలభయ్యో రోజున షావుకారు వచ్చాడు. నాయన్ని మంచంతో సహా వాకిట్లోకి మోసుకొచ్చాం. అందరూ రుమాలు కోసం ఎదురుచూస్తున్నారు. నేను పొద్దున్నే మంగలికత్తితో ఎడమ బొటనవేలు కోసుకుని గుడ్డ కట్టుకున్నాను. రుమాలు గుర్రం నోట్లో పెట్టేటప్పుడు ఆ గుడ్డ జార్చి, వేలు పిండాను. తెల్లరుమాలు మీద రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ. షావుకారు దాన్ని కళ్ళకద్దుకున్నంత పనిచేశాడు. నాయన రుమాలు అడిగి తీసుకుని, వెలుతురుకు పెట్టి చూసి, నా తల మీద చెయ్యి పెట్టాడు. నాకు జ్ఞానం వచ్చాక ఆయన చెయ్యి నా తల మీద మెత్తగా పడటం అదే మొదలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధానికి దొరికిన మెప్పు అని తెలుసు, అయినా తియ్యగానే ఉంది.

షావుకారు సాయీసుకు నున్నటి కళ్ళెం ఇచ్చి దీనితోనే ఎక్కించమని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆయన అడగలేదు. గుర్రం అబిడ్స్ వైపు నడిచిపోతూ మలుపు దగ్గర ఒకసారి తల తిప్పింది. గెలిచానని నేను ఆ పూట మూడు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

పెళ్ళిరోజు మధ్యాహ్నం నాయన కొత్త తలపాగా చుట్టి, కర్ర పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా కొడుకు చేసిన గుర్రాన్ని అబిడ్స్‌లో పదిమంది చూస్తుంటే నేను చూడాలి అన్నాడు. జట్కా పిలుచుకురమ్మన్నాడు. తెల్లవారుజామునే షావుకారుకు పెళ్ళి కానుక పంపించానని కూడా అప్పుడే చెప్పాడు. ఏం కానుక అంటే, మా తాతది, వెండి బిళ్ళల కాంటా. ఊరేగింపు రోజున ముళ్ళ కళ్ళెం వేస్తేనే గుర్రం మెడ విల్లులా వంచి, నురగలు కక్కుతూ అడుగులేస్తుంది, జనం చూసి ఆహా అంటారు. ఎంత నోరు చేసిన గుర్రానికైనా పండగనాడు కాంటా వేయడం మావాళ్ళ పద్ధతి. నేను దాన్ని మరిచిపోలేదు. షావుకారు ఇంట్లో కాంటా లేదు కదా అని నిశ్చింతగా ఉన్నాను.

నిజం చెప్పడానికి అదొక అదను. గదిలో ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. ఈ గుర్రం నోట్లో ఒక్కరోజు కూడా ముల్లు పడలేదని ఒక్క మాట చాలు. ఆయన నడుముకు రికాబు పట్టీ కట్టుకుని ఉన్నాడు. నేను దాన్ని చూసి, జట్కా పిలుచుకొస్తానని చెప్పి బయటపడి, స్టేషన్ దగ్గర ఒక జట్కాను మా ఇంటికి పొమ్మని, అక్కణ్ణుంచి అబిడ్స్ దాకా ఒక్క పరుగున పోయాను. మాట అవసరం లేకుండానే ఆ కళ్ళెం మార్పించేద్దామని నా ఎత్తు.

దుకాణం ముందు రోడ్డు నిండిపోయింది. బ్యాండువాళ్ళు, మర్ఫావాళ్ళు, పట్టుచీరలు, అత్తరు. ఇటుకరంగు గుర్రం మెడలో పూలదండలతో నిలబడి ఉంది. నోట్లో కాంటా ఉంది. పగ్గం ఇంకా ఎవరూ లాగలేదు కనుక అది నాలుకతో ఆ ముళ్ళను మెల్లగా తడుముకుంటోంది. నన్ను చూసి చిన్నగా సకిలించింది. పెళ్ళికొడుకు మెట్ల మీద ఉన్నాడు. నేను సాయీసు భుజం పట్టుకున్నాను.

"దీన్ని తీసెయ్ చిచ్చా. నేనిచ్చిన నున్నటిది వెయ్యి."

"ఎందుకు? మీ నాయిన పంపిన కాంటా ఇది. నోరు జేసిన గుర్రమేనాయె."

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో జనం పక్కకు తప్పుకుంటుంటే మా నాయన జట్కా కనిపించింది. ముందు కూర్చుని, చెక్క కట్టిన కాలు బయటికి చాపి, మొహం నిండా నవ్వుతో వస్తున్నాడు. షావుకారు ఎదురెళ్ళి చేతులు జోడిస్తున్నాడు. ఇప్పుడు చెబితే ఇంతమందిలో, ఆయన ఎదుట, మా ఇంటి పరువు తీసినట్టవుతుంది. ఇంటికి పోయాక నా వీపు మిగలదు. ఈ లెక్కంతా నా తలలో ఒక్క క్షణంలో అయిపోయింది.

"ఏం లేదు," అన్నాను. "పగ్గం జర ఢీల పట్టమని చెప్పు."

పెళ్ళికొడుకును నలుగురు కలిసి ఎక్కించారు. బ్యాండు ఒక్కసారిగా అందుకుంది. గుర్రం బెదరలేదు, నేను నేర్పిందే కదా, నిలబడే ఉంది. బెదిరింది అతను. సైకిలు బ్రేకు పట్టినట్టు పగ్గం రెండు చేతులా బిగించి గుండెకు లాక్కున్నాడు. గుర్రం అరిచింది. నలభై రోజులు మా నాయన వినాలనుకున్న అరుపు అది. వెనక్కి లాగుతున్నారని వెనక్కి నడిచింది. చెప్పింది చేస్తే పగ్గం వదులుతారని దానికి నేను నేర్పాను. అతను వదల్లేదు. ఇంకా వెనక్కి పోయింది, ముందుకాళ్ళు లేపి నిలబడింది, అతను పడిపోతానని పగ్గానికే వేలాడాడు. దాని నోట్లోంచి రక్తం చిమ్మి తెల్లటి పట్టు షేర్వాణీ మీద పడింది. నిలువునా వెల్లకిలా పడి పక్కకు దొర్లింది. దుకాణం ముందు మురుగునీళ్ళు పారే మోరీ రాతి అంచు మీద ముందుకాలు పడి మోకాలి కింద విరిగింది. ఎముక బయటికి వచ్చింది. పెళ్ళికొడుకు పక్కకు విసిరినట్టు పడ్డాడు, భుజం ఎముక విరిగింది, ప్రాణానికి ఏమీ కాలేదు. మర్ఫావాళ్ళలో ఒకతని పక్కటెముకలు పోయాయి.

అది లేవాలని చూసింది. విరిగిన కాలి మీదే లేవబోయి పడింది, మళ్ళీ లేవబోయింది. షావుకారు తమ్ముడు పందిరి గుంజ ఒకటి ఊడబీకి దాని తల మీద కొట్టాడు. రెండో దెబ్బకు నేను మధ్యలో పడ్డాను. ఆ దెబ్బ నా భుజం మీద పడింది. మూడోది, నాలుగోది కూడా నాకే. కాళ్ళతో తన్నారు, ఎవరు తన్నారో తెలియదు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఇన్నాళ్ళు దాచుకున్న వీపు మీద ఊరంతా కొడుతుంటే నాకు ఇంకా కావాలనే అనిపించింది.

మా నాయన కర్ర టకటకలాడిస్తూ వచ్చి అందర్నీ తోసేశాడు. ఆ కాలితో ఎలా కూర్చున్నాడో తెలియదు, కూర్చుని, గుర్రం పెదవి ఎత్తి, బొటనవేలు లోపల పెట్టి, కడ్డీ కూర్చునే జాగా తడిమాడు. ఒక పక్క, ఇంకో పక్క. నాలుక చీలి వేలాడుతోంది. కానీ ఆయన వెతికింది అది కాదు, పాత కాయలు. నలభై రోజుల కాయలు. అక్కడ పసిపిల్ల చిగుళ్ళలా మెత్తటి చర్మం, దాన్ని చీల్చుకుంటూ కొత్త గాయాలు. ముప్పై ఏళ్ళుగా నోళ్ళు చేసిన బొటనవేలు, దానికి చెప్పాల్సిన పని లేదు. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. షావుకారు వైపు తిరిగి, తప్పు తనదే, పచ్చి నోటికి కాంటా పంపిన బుద్ధిహీనుణ్ణి తానే, ఎవర్నన్నా కొట్టాలంటే తనను కొట్టమన్నాడు. షావుకారు ఉమ్మేసి కొడుకు దగ్గరికి పోయాడు.

ఊరేగింపు బందోబస్తుకు వచ్చిన పోలీసు అమీన్ సాబ్ దగ్గర పిస్తోలు ఉంది. కాలు చూసి, ఇక లాభం లేదన్నాడు. కానీ గుర్రం తల కొట్టుకుంటూనే ఉంది, గురి కుదరడం లేదు. తాళ్ళతో కట్టండి అన్నాడు ఎవరో. నేను వద్దన్నాను. పాక్కుంటూ పోయి దాని తల దగ్గర కూర్చుని గడ్డం కింద అరచెయ్యి పెట్టాను. ఒళ్ళంతా వణుకుతోంది, ముక్కుల్లో రక్తం బుడగలు కడుతోంది, అయినా నా చెయ్యి తగలగానే తల కొట్టుకోవడం మానేసింది. గడ్డం నా చేతిలో బరువుగా ఆనించింది. కళ్ళు సగం మూసింది. ఇక నొప్పి ఆగిపోతుందని నమ్మింది. నమ్మడం దానికి నేర్పింది నేను. అమీన్ సాబ్ చెవి కింద పెట్టి కాల్చాడు. నా చెయ్యి మోచేతి దాకా తడిసింది. గుండ్రాయంత బరువుగా తల నా ఒళ్ళో పడింది.

ఆ రోజు నుంచి ఏ గుర్రం నోట్లోనూ నేను ముల్లు పెట్టలేదు, పెట్టనివ్వలేదు. గుర్రం అప్పగించేటప్పుడు దీని నోరు చెయ్యలేదు, చెయ్యను, ఇష్టమైతే తీసుకోండి అని మొహం మీదే చెప్పేవాణ్ణి. ఆ మాటకు జనం నన్ను జాలిగుండెవాడని మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. గుర్రం కోసం అన్నీ చేశాననే నేనూ అనుకున్నాను. దాని వీపును రోజూ తడిమి చూశాను. చివరి లెక్కకొచ్చేసరికి నా వీపునే కాపాడుకున్నాను.

ఆ రోజు బండి వచ్చి గుర్రాన్ని ఎత్తుకుపోయేదాకా నాయన ఆ మోరీ పక్కనే కూర్చున్నాడు. జనం బషీర్‌బాగ్ వైపు పోయారు. దెబ్బ తిన్న పెళ్ళికొడుకును మోటారులో తీసుకెళ్ళి ముహూర్తం తప్పకుండా పెళ్ళి చేశారట. రోడ్డు మీద నేనూ, ఆయనా, పూలూ, రక్తం. నేను ఆయన ముందు కూర్చుని తల వంచాను. నడుముకున్న రికాబు పట్టీ విప్పుతాడని ఎదురుచూశాను, విప్పాలనే కోరుకున్నాను.

"నాతోని చెప్తే ఏమైతుండె?" అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది. "తంతుంటి. తింటుంటివి. గంతే గద. ఇది బతుకుతుండె."

తర్వాత లేవడానికి చెయ్యి చాపాడు. నేను లేపి జట్కా ఎక్కించాను. ఆ రోజు ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు. ఇంకా పదకొండేళ్ళు బతికాడు, మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.